వడ్ల కుప్ప చుట్టూ తిరిగిన గీత

ముందు ఒట్టు. ఇరవై ఏళ్లకు పైగా నాకు తిండి పెట్టిన బాయిలర్ మీద, అది నా కుడి మణికట్టు మీద వేసిన కాలిన మచ్చ మీద, అరిగిపోయిన నా రెండు మోకాళ్ల మీద ఒట్టు వేసి చెబుతున్నాను: ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. నవ్వొచ్చే చోట కూడా నిజమే. నమ్మబుద్ధి కాని చోట మరీ నిజం.

ఈ ఒట్టు నా అంతట నేను వేసుకున్నది కాదు. స్వరూప వేయించింది. స్వరూప మా కొమురయ్య బిడ్డ. కొమురయ్య నా దగ్గర దారం పట్టిన మనిషి. దారం పట్టడం అంటే ఏమిటో కాసేపట్లో చెబుతాను. నా పని రోడ్ల మీద గీతలు గీయించడం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో అంచు గీతలు, నడిమి గీతలు, బడుల ముందు చారలు, మలుపుల దగ్గర బాణాలు, ఇవన్నీ చేశాను. మోకాళ్లు మొండికేయడంతో మొన్నీమధ్య మానుకున్నాను. నా బాయిలర్‌ను, గీత బండిని స్వరూప తీసుకుని సొంతంగా పని మొదలుపెడుతోంది.

సామాను తీసుకెళ్లడానికి వచ్చిన రోజు నా ఎదుట కూర్చుని అంది:

"కాకా, నువ్వు పని ఎట్ల చేసినవో రాసియ్యి. నా దగ్గర కొత్తగ చేరెటోళ్లకు ఇస్త. కానీ ఒట్టు పెట్టి రాయాలె."

"ఒట్టెందుకు బిడ్డా? నా మాట మీద నమ్మకం లేదా?"

"నువ్వు ఒకటంటే పది చేసి చెప్తవని జనగామ బస్టాండ్ల చాయ్ పోసెటాయనకు సుత ఎరుకే. ఇంకొకటి. మా బాపు గీసిన వంకర గీత సంగతి సుత రాయి. ఉన్నదున్నట్టు."

నేను నవ్వేసి, అది పాత ముచ్చట, ఇప్పుడెందుకన్నాను. ఆమె నవ్వలేదు.

"మొగుళ్లపల్లి రోడ్డు పనికి టెండర్ ఏసిన కాకా. నాకు మొదటిది. ఆఫీసు వరండాల సదానందం మనుషులు ఏమన్నరో తెలుసా? 'వంకర కొమురయ్య బిడ్డనా? రోడ్డు అటు పోతే ఈమె గీత ఇటు పోతది' అన్నరు. సార్లు సుత నవ్విన్రు. బాపును అడిగితే 'పోనియ్ బిడ్డా' అంటడు. అంతకు మించి నోరు తెరువడు. తప్పు ఆయనదే అయితే ఆయనదే అని రాయి. నేను మోస్త. ఎట్ల జరిగిందో తెలిస్తే మళ్ల జరగకుంట చూసుకుంట."

అందుకే రాస్తున్నాను. ఇది స్వరూప కోసం, ఆమె దగ్గర పనిలో చేరేవాళ్ల కోసం.

కన్ను ముందు, బండి తర్వాత

రోడ్డు మీద గీత చూసి, యంత్రం ఉంటే ఎవడైనా గీస్తాడనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నాకు పని నేర్పిన రాజలింగం మేస్త్రి మొదటి నెలంతా నన్ను బండి ముట్టుకోనివ్వలేదు. దారం పట్టించాడు. ఇద్దరు మనుషులు దారాన్ని రెండు కొసల్లో లాగి పట్టుకుంటారు. మూడో మనిషి వంగి, ఒక కన్ను మూసి, దారం రోడ్డుతో పాటు పోతున్నదా లేదా చూస్తాడు. సరిపోయాక దారం వెంట సున్నపు చుక్కలు పెడతారు. ఆ చుక్కల మీదే బండి నడుస్తుంది. చుక్క తప్పితే గీత తప్పుతుంది.

నేను దారం చివర పాదాల దగ్గర చూసేవాణ్ని. మేస్త్రి నా మెడ పట్టుకుని పైకెత్తాడు.

"కాళ్ల కాడ ఏమున్నదిరా? గీత పోయే జాగ చూడు. ఆ కనపడే తుమ్మ చెట్టు కాడికి పోవాలె అది. నీ చెప్పుల కాడికి గాదు."

ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. మిగతాది చెమట.

నాకంటే మంచి కన్ను కొమురయ్యది. లింగాల ఘనపూర్ మనిషి. అంతకు ముందు నాగలి పట్టినవాడు, సాలు తిన్నగా తోలిన కన్ను అది. కిలోమీటరు దూరంలో దారం బెత్తెడు పక్కకు పోయినా ఇక్కణ్నుంచే చెప్పేవాడు. కిలోమీటరు అన్నాను కదా? అవును, కిలోమీటరే. ఒట్టు ఉంది కాబట్టి చెబుతున్నాను. ఒకసారి ఆయన ఒక కన్ను మూసి దారం చూస్తుంటే అటుగా పోతున్న ఆర్టీసీ బస్సు డ్రైవర్ ఆపి, 'నా బస్సు కొంచెం ఎడమకు లాగుతుంది, ఒకసారి చూడన్నా' అని అడిగాడు. కొమురయ్య వెనక నిలబడి చూసి, ఎడమ వైపు వెనక టైరులో గాలి తక్కువని చెప్పాడు. తక్కువే.

తడి, దుమ్ము, తొందర

గీత ఎక్కడ చెడుతుందో ఇప్పుడు చెబుతాను. తెల్ల పొడిని బాయిలర్‌లో పోసి కింద గ్యాసు మంట పెడితే పాకంలా కరుగుతుంది. దాన్ని బండిలో పోసి తోస్తే రోడ్డు మీద పరుచుకుంటుంది. పచ్చిగా ఉండగానే పైన గాజు పూసలు చల్లాలి. ఇసుక రేణువుల్లాంటి పూసలు. బండి లైటు పడితే గీత మెరిసేది వాటి వల్లే. ఇంతే పని. కానీ రోడ్డు తడిగా ఉంటే అది అతుక్కోదు. దుమ్ము ఉంటే అతుక్కోదు. ఈ రెండింటినీ అందరూ చెబుతారు. మూడోది చెప్పరు: బాయిలర్‌లో కరిగించి పెట్టి ఎక్కువ సేపు ఉంచితే మాడి పసుపు రంగుకు తిరుగుతుంది. అంటే, ఒకసారి కరిగితే గీయాల్సిందే. కరిగిన పాకం ఎదురుగా ఉంటే మనిషి బుద్ధి మందగిస్తుంది. తప్పులన్నీ అప్పుడే చేస్తాడు.

భూపాలపల్లి వైపు నా మొదటి పెద్ద తప్పు జరిగింది. పొద్దున్నే జల్లు పడింది. పైకి ఎండింది కదా అని గీయించాను. వారం తిరక్కుండా ఫోను. పోయి చూస్తే గీత పెనం మీద అట్టులా అంచులు లేచి ఉంది. ఒక పెద్దమనిషి మేకలు కాసుకుంటూ వచ్చి, ఇరవై అడుగుల గీతను చాపలా చుట్టి భుజాన వేసుకుని పోతున్నాడు.

"ఏం జేస్తవు బాపూ దాన్ని?"

"మా ఇంటి ముందట ఏసుకుంట. మీరు ఈడ ఏస్తే ఉంటలేదు గదా."

అక్కడ బొగ్గు లారీలు తిరుగుతాయి. నల్ల దుమ్ము రోడ్డు మీద పౌడరులా పడుతుంది. చీపురుతో ఊడిస్తే పైది పోతుంది, రాళ్ల సందుల్లోది పోదు. ఊడ్చాక గాలి కొట్టాలి, గాలి కొట్టాక మళ్లీ ఊడవాలి. మా పోటీవాళ్లు ఒకసారి ఊడ్చి గీసేవాళ్లు. నేను రెండుసార్లు ఊడిపించేవాణ్ని. ఇది గొప్పకు చెప్పడం లేదు. చుట్టుకుపోయిన ఆ ఇరవై అడుగులు కళ్ల ముందు తిరిగేవి, అంతే.

సదానందం

మా మూడు జిల్లాల్లో గీతల పని చేసేవాళ్లు చాలామంది. నేను మొదలుపెట్టినప్పుడు ముగ్గురం. మానుకునే నాటికి లెక్క మరిచాను. ఒక చిన్న ఊరి రోడ్డు టెండరు పడితే పదిమంది వాలతారు. అందరూ ఒకరి కంటే ఒకరు 'లెస్సు' వేస్తారు, అంటే సర్కారు కట్టిన రేటు కంటే తక్కువకు చేస్తామని రాసిస్తారు. ఎవడి లెస్సు ఎక్కువైతే పని వాడిది.

ఇందులో మహబూబాబాద్ సదానందం మొనగాడు. ఎంత తక్కువకు రాసేవాడంటే, ఒకసారి నేను అడిగాను:

"సదానందం, గింత తక్కువల గీత ఎట్ల గీస్తవే? సుద్దముక్కతోనా?"

"నీకెందుకన్నా? నువ్వు మంచిగ గీసి ఇంట్ల కూసో. నేను ఎట్లనో గీసి రోడ్డు మీద ఉంట."

మంచి మాటకారి. చెడ్డవాడనను. తక్కువకు రాసినవాడు ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా. మందం తగ్గిస్తాడు, పూసలు తగ్గిస్తాడు. పగటిపూట చూస్తే తేడా తెలియదు. సంతకం పెట్టే సారు వచ్చేది పగలే. పొద్దుగూకాక వానలో బైకు మీద ఇల్లు చేరేవాడికే తెలుస్తుంది గీత ఉందో లేదో. వాడిని ఎవరూ సంతకం అడగరు.

నేనూ ఒక ఏడాది పూసలు తగ్గించాను. పిడికెడు చల్లే చోట చిటికెడు. అందరూ చేస్తున్నారని చేశాను. తర్వాత ఒక వాన సాయంత్రం తొర్రూరు నుంచి వస్తూ నేను గీసిన రోడ్డు మీదే నాకు అంచు కనబడక బండి ఆపి, దిగి, కాలితో తడుముకుంటూ నడిచాను. మళ్లీ తగ్గించలేదు. దానివల్ల కొన్ని పనులు పోయాయి. కొత్తవాళ్లకు నేను చెప్పేదొకటే: పని పోతే ఇంకో పని వస్తుంది. పేరు పోతే ఆ పేరు ఎవరో ఒకరు మోస్తూ ఉంటారు. ఆ ఎవరో మీరే కానక్కర్లేదు.

మంచి పనికి సాక్ష్యం కూడా చెబుతాను. మొగుళ్లపల్లిలో బడి ముందు నేను వేయించిన చారలు చూసి, అటుగా రోజూ పోయే నలభై మేకలు వేరే చోట రోడ్డు దాటడం మానేశాయి. చారల దగ్గరకు వచ్చి, నిలబడి, అటు ఇటు చూసి దాటేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

నర్సవ్వ వడ్లు

ఇప్పుడు స్వరూప అడిగిన సంగతి.

తొర్రూరు నుంచి జనగామ వైపు వచ్చే ఒక రోడ్డు. యాసంగి కోతలు. మన దగ్గర కోతలు అయ్యాయంటే సగం రోడ్డు కల్లమే. వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రైతును తప్పు పట్టను. తేమ తగ్గకపోతే కొనుగోలు సెంటర్లో తీసుకోరు, ఊళ్లో అంత జాగా ఎవరికి ఉంది?

సోమవారం పొద్దున రోడ్ల శాఖ ఇంజనీరు, ఏఈ సారు, తనిఖీకి వస్తాడు. రెండు అంచు గీతలూ అప్పటికి పూర్తి కావాలి. కాకపోతే మిగతా రోడ్డంతా సదానందానికి పోతుంది. అప్పుడు నా దగ్గర పన్నెండు మంది పని చేస్తున్నారు. ఆ సీజన్ అంతా ఆ రోడ్డు మీదే నమ్మకం పెట్టుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నానికి ఒక్క చోట తప్ప అంతా అయింది. అక్కడ నర్సవ్వ అనే ముసలామె వడ్లు వంద అడుగుల పొడవున పోసి ఉన్నాయి. రోడ్డు అంచు నుంచి లోపలికి మనిషి నిలువంత వెడల్పు. అంచు గీత పోవాల్సింది సరిగ్గా వాటి కిందినుంచి.

"అవ్వా, జర వడ్లు పక్కకు జరుపుతవా? మేం సుత చెయ్యేస్తం."

"యాడికి జరుపాలె బిడ్డా? పక్కకు మట్టి. మట్టిల కలిస్తె సెంటరోడు తీసుకుంటడా? నిన్న గూడ తేమ ఉందని ఎనుకకు పంపిండు."

"రేపు సార్లు వస్తున్నరవ్వా."

"నాకు రేపు మొగులు వస్తున్నది కొడుకా. మీ సారుకన్న అదే పెద్దది."

ఆకాశం చూస్తే నిజమే, పడమట నల్లబడుతోంది. బాయిలర్‌లో పాకం కరిగి సిద్ధంగా ఉంది. అదే సమయానికి గ్యాసు సిలిండర్ అయిపోవచ్చింది. నేను ఆటో ట్రాలీ తీసుకుని తొర్రూరు పోయాను. ఆదివారం కాబట్టి మొదటి దుకాణం మూసి ఉంది. రెండో దుకాణంలో ఆయన అన్నం తింటున్నాడు, బెండకాయ కూర. తిని, చేయి కడిగి, తాళంచెవి వెతికి ఇచ్చేసరికి ఆలస్యమైంది. దారిలో ట్రాలీ గొలుసు కూడా తెగింది. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. కొమురయ్య దారాన్ని వడ్ల కుప్ప చుట్టూ తిప్పి చుక్కలు పెట్టించాడు. బండి ఆ చుక్కల మీద నడిచింది. అంచు గీత రోడ్డు లోపలికి వంగి, కుప్ప చుట్టూ పోయి, మళ్లీ అంచుకు చేరింది. ఎంత అందంగా వంగిందంటే, కంసాలి మలిచిన కడియంలా ఉంది.

సోమవారం సారు కారులో వచ్చాడు. కుప్ప ఉంది, దాని చుట్టూ గీత ఉంది. కారు వంపు తిరిగి పోయింది. సంతకం అయింది.

వడ్లు పోయాక

నాలుగో రోజుకు నర్సవ్వ వడ్లు సెంటరుకు పోయాయి. గీత మిగిలింది.

ఇక్కడ నేను చూసింది ఇంకెక్కడా చూడలేదు. రోడ్డు మీద ఏమీ లేదు. అయినా బస్సు వస్తే ఆ వంపు తిరిగి పోతోంది. లారీ తిరిగి పోతోంది. స్కూటీ మీద పోయే పంతులమ్మ తిరిగి పోతోంది. పక్కనే టీ కొట్టు ముందు కూర్చుని పొద్దంతా చూశాను. ఒక్కరూ తిన్నగా పోలేదు. లేని వడ్లకు అందరూ దారి ఇస్తున్నారు. జనం గీతను ఇంతగా నమ్ముతారని నాకు అంతవరకూ తెలియదు.

పది రోజులకు వానలో ఒక బస్సు ఆ వంపు తిరిగి నడిమికి వచ్చింది. ఎదురుగా ట్రాక్టరు. ట్రాక్టరు డ్రైవర్ పొలంలోకి దింపేశాడు. మనుషులకు ఏమీ కాలేదు. ఇంజన్ బురదలో దిగబడింది. ఆ సాయంత్రమే సదానందం అక్కడికి పోయి, ఫోనులో వీడియో తీసి, కాంట్రాక్టర్ల గ్రూపులో పెట్టాడు. 'సాంబన్న కొత్త డిజైను' అని కింద నా పేరు పెట్టి రాశాడు.

మర్నాడు ఏఈ సారు మమ్మల్నందరినీ రోడ్డు మీదికి పిలిపించాడు.

"ఏందయ్యా సాంబయ్య ఇది? ఎవడు గీసిండు?"

"సార్, నేను తొర్రూరు పోయిన, సిలిండర్ కోసం. వచ్చేసరికి..."

"నిన్ను బ్లాక్ లిస్టుల పెట్టమంటవా? ఎవడు గీసిండు చెప్పు."

కొమురయ్య దారం ఉండ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూసి, తర్వాత దూరంగా, గీత పోవాల్సిన వైపు చూశాడు.

"కొమురయ్య దారం పట్టిండు సార్."

"వాణ్ని పనిల నుంచి తీసెయ్. గీతను తుడిచెయ్. ఇంకొకసారి ఇట్లయితే నీ సంగతి చూస్త."

తీసేశాను. గీత తుడిచేయడం అనేది ఉండదు. గీకి తీయాలి, లేదా పైన నల్ల రంగు పూయాలి. గీకితే రెండు రోజులు, పూస్తే గంట. పూశాను. తిన్నగా కొత్త గీత వేశాను. కంపెనీ బతికింది, పన్నెండు మందిలో పదకొండు మంది పని బతికింది.

కొమురయ్యను మళ్లీ ఎవరూ దారం పట్టనివ్వలేదు. పోటీ ఉన్న చోట ఒక పేరు దొరికితే వదలరు. 'వంకర కొమురయ్యను పెట్టుకున్నోని పని సార్లు రెండుసార్లు చూస్తరు' అని ప్రచారం. మూడు జిల్లాల్లోనూ అంత కన్ను ఉన్న మనిషి కొన్నాళ్లు కోళ్ల ఫారంలో కాపలా ఉన్నాడు, ఇప్పుడు పంక్చర్లు వేస్తున్నాడు. నేను పండగకు పబ్బానికి పోయి పలకరించి వచ్చేవాణ్ని. సిలిండర్ కథను నలుగురిలో నవ్విస్తూ చెప్పేవాణ్ని. బెండకాయ కూర దగ్గర అందరూ నవ్వేవాళ్లు. చిన్నప్పుడు స్వరూప కూడా.

ఒట్టు సంగతి

ఇక్కడిదాకా రాసి పక్కన పెట్టాను. ఒట్టు వేశాను కాబట్టి ఏది అబద్ధమో చెప్పాలి.

బస్సు టైరు నిజం. చాపలా చుట్టుకుపోయిన గీత నిజం. ఇరవై అడుగులు కాదు, పన్నెండు. మేకలు నలభై కాదు, నాలుగు. అటు ఇటు చూడటం నేను కలిపాను. కొమురయ్య కన్ను కిలోమీటరు కాదు, ఫర్లాంగు. లేని వడ్లకు బస్సులు దారి ఇవ్వడం మాత్రం అక్షరాలా నిజం. మీరు అబద్ధం అనుకునేది అదే అయి ఉంటుంది.

సిలిండర్ అబద్ధం.

సిలిండర్ నిండుగా ఉంది. నేను తొర్రూరు పోలేదు. బెండకాయ కూర తిన్న దుకాణదారు లేడు. గొలుసు తెగలేదు. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: తప్పు జరిగిన వేళ తాను ఎక్కడున్నాడో కూరతో సహా చెప్పేవాణ్ని గట్టిగా అడగండి. నిజంగా సిలిండర్ కోసం పోయినవాడికి ఎదుటివాడు ఏం తిన్నాడో గుర్తుండదు.

సిలిండర్ కథ దాకా రాసిన కాగితాలు స్వరూపకు ఇచ్చే ముందు లింగాల ఘనపూర్ పోయి కొమురయ్యకు చదివి వినిపించాను. ఆయన ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ విన్నాడు.

"బిడ్డకిచ్చినవా?"

"ముందు నీకే కొమురన్నా."

"గా సిలిండర్ ముచ్చట మంచిగ చెప్తవు సాంబన్నా. ఎన్నిసార్లు విన్ననో. కొన్నేండ్లకు నేనే నమ్మిన. నువ్వు నిజంగ లెవ్వేమో, నా అంతట నేనే గీసిన్నేమో అనుకున్న."

సిలిండర్ కథ ఉన్న కాగితాలు చింపేసి మళ్లీ రాస్తానన్నాను.

"చింపకు. అట్లనే ఉంచు. దాని కింద నిజం రాయి. ఆ రోడ్డు మీద నువ్వు నల్ల రంగు పూసినవు గదా, వాన పడ్డప్పుడు పోయి చూసినవా?"

చూశాను. రోడ్డు తడిస్తే నల్ల రంగు వేరేగా మెరుస్తుంది. కింది వంపు మొత్తం కనిపిస్తుంది. తెలియని డ్రైవర్లు ఇప్పటికీ వానలో అక్కడ కొంచెం పక్కకు జరుగుతారు.

"నేను సుత చూసిన," అన్నాడు కొమురయ్య, ట్యూబు తుడుస్తూ. "వచ్చే ఆదివారం ఉలి పట్కరా, గా వంపును గీకి తీద్దం. నేను సుత్తె తెస్త."

ఆదివారం పోతున్నాం. ఈ కాగితాల ప్రతులు మూడు తీయించాను. ఒకటి స్వరూపకు. ఒకటి ఏఈ ఆఫీసుకు, మొగుళ్లపల్లి టెండరు తెరిచే లోపు అందేలా. మూడోది సదానందానికి నా చేత్తో ఇస్తాను. గ్రూపులో పెట్టమని చెబుతాను. కింద ఏం రాసుకుంటాడో రాసుకోనీ, పేరు మాత్రం నాది పెట్టాలి.

ఇక అప్పుడు, తనిఖీకి ముందటి ఆదివారం, నిజంగా జరిగింది ఇది. నర్సవ్వ వడ్ల పక్కన గొడుగు వేసుకుని కూర్చుంది. మొగులు కమ్ముకొస్తోంది. బాయిలర్‌లో పాకం పసుపు తిరగబోతోంది. నేను కుప్ప వైపు, గడియారం వైపు చూసి, చుట్టూ గీసేయమన్నాను. అందరూ ఆగారు. కొమురయ్య దారం కింద పెట్టాడు. నా దగ్గరకు వచ్చి, మిగతావాళ్లకు వినబడకుండా, నన్ను చిన్నబుచ్చకుండా మెల్లగా అన్నాడు:

"వద్దన్నా. వడ్లు రేపో ఎల్లుండో పోతయి. గీత ఉంటది."

నేను విన్నాను. అర్థం కూడా అయింది. దారం నేలమీద నుంచి తీసి ఆయన చేతిలో పెట్టి, "గియ్యి" అన్నాను.